రోజుకు ఎన్ని గ్లాసులు? – కార్తీక ఉపవాసాలకు ముందు నీళ్ల గురించి నాలుగు మాటలు

దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి కార్తీకం మొదలు. సోమవారాల అభిషేకాలు, ఆకాశదీపం, పౌర్ణమినాటి జ్వాలాతోరణం, ఆ తర్వాత చలికి పార్కులో కుదరక గుడి హాల్లోనే కానిచ్చేసే వనభోజనాలు. ఈ నెలలో ప్రసాదం వరుసలో నిలబడితే మమ్మల్ని అడిగే ప్రశ్నలు రెండే. ఒకటి, "ఉపవాసం రోజు ఈ మాత్ర వేసుకోవచ్చా?" రెండు, "డాక్టరుగారూ, ఇంతకీ రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలి?" రెండోదానికి ఏదో ఒక అంకె చెప్పేస్తే అడిగినవారికీ తృప్తి, మేమూ కట్టెపొంగలి చల్లారకముందే తినొచ్చు. కొన్నేళ్ల క్రితం వరకు అలాగే "ఎనిమిది" అని చెప్పి తప్పించుకునేవాళ్లం. ఇప్పుడు చెప్పడం లేదు. అందుకు కారణం ఇద్దరు పెద్దవాళ్లు. వాళ్లను గుర్తుపట్టకుండా ఉండేందుకు వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాం.

మొదటివారు కొడుకు దగ్గరకు ఆరు నెలల వీసా మీద వచ్చిన తండ్రిగారు. వయసు 70 దాటింది. ఇండియా నుంచి తెచ్చుకున్న బీపీ మాత్ర ఒక్కటే మందు. కార్తీకం నెలంతా పగలు భోజనం లేదు, రాత్రి రెండు పళ్లు, అరగ్లాసు పాలు. ఎవరో మిత్రులు ఫోనులో పంపిన సందేశం చూసి, ఉపవాసంలో నీళ్లు బాగా తాగితే ఒంట్లోని చెడు అంతా కొట్టుకుపోతుందని నమ్మారు. రోజుకు నాలుగున్నర, అయిదు లీటర్లు. పాల గ్యాలన్ డబ్బా కడిగి నీళ్లు నింపుకుని, అది సాయంత్రానికల్లా ఖాళీ అయిందా లేదా అని చూసుకునేవారట. రెండో వారంలో తలనొప్పి, వికారం. "ఉపవాసం కదా, పైత్యం" అనుకున్నారు. తర్వాత మనవణ్ణి కొడుకు పేరుతో పిలవడం మొదలుపెట్టారు. "పెద్దవాళ్లయ్యారు, చాదస్తం" అని ఇంట్లో నవ్వుకున్నారు. ఒకరోజు తెల్లవారుజామున బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పడిపోయారు. పక్షవాతమేమోనని ఆంబులెన్సు పిలిచారు. స్కాన్ బాగానే ఉంది. రక్తంలో సోడియం మాత్రం 118. ఉండవలసింది 135 నుంచి 145.

రెండవవారు ఒక తల్లిగారు. వయసు 66. ఈవిడది పూర్తిగా దీనికి ఎదురు. కార్తీక సోమవారం నీళ్లు కూడా ముట్టకుండా, నక్షత్ర దర్శనం అయ్యేదాకా ఉండడం పెళ్లినాటి నుంచి అలవాటు. ఆ ముందురోజు ఎక్కడో విందులో తిన్నది పడక నాలుగైదుసార్లు విరేచనాలు అయ్యాయి. అయినా వ్రతం ఆపలేదు. పొద్దున్నే బీపీ మాత్రలు రెండూ ఒక్క గుక్క నీళ్లతో మింగారు. అందులో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది. మోకాళ్ల నొప్పులకు ఐబుప్రొఫెన్ కూడా వేసుకున్నారు, గుడిలో గంటల తరబడి కూర్చోవాలి కదా అని. మర్నాడు మంచం మీద నుంచి లేస్తుంటే కళ్లు తిరిగాయి, ముందురోజు సాయంత్రం నుంచి మూత్రమే రాలేదని అప్పుడు చెప్పారు. ఎప్పుడూ 0.9 ఉండే క్రియాటినిన్ 2.4కి ఎక్కింది.

ఇద్దరూ కోలుకున్నారు. తండ్రిగారు ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. సోడియం అంత తగ్గినవారికి దాన్ని గబగబా పెంచకూడదు. పెంచితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. కొద్ది గంటలకొకసారి రక్తం తీసి చూస్తూ, మెల్లగా తేవాలి. ఈ ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి "రోజుకి ఎనిమిది గ్లాసులు" అని చెప్పి ఉంటే ఏం ఉపయోగం ఉండేదో ఆలోచించండి. ఒకరికి ఎంత తాగినా అది చాలదనే భయం, ఇంకొకరికి తాగితే వ్రతభంగమనే భయం. ఆ అంకె ఇద్దరిలో ఏ ఒక్కరి భయాన్నీ తీర్చేది కాదు.

ఇంతకీ ఈ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1945లో అమెరికా ఆహార పోషకాహార మండలి పెద్దవాళ్లకు రోజుకు సుమారు 2.5 లీటర్ల నీరు తగినదని చెప్పింది. తిన్న ఆహారంలో ప్రతి కేలరీకి ఒక మిల్లీలీటరు చొప్పున అన్నమాట. ఆ వెంటనే, ఇందులో ఎక్కువ భాగం వండిన ఆహారంలోనే ఉంటుందని కూడా రాసింది. లోకం మొదటి వాక్యాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది. ఎనిమిది ఔన్సుల గ్లాసులు ఎనిమిది అంటే దాదాపు 1.9 లీటర్లు. డార్ట్‌మత్ వైద్య కళాశాలకు చెందిన కిడ్నీ శాస్త్రవేత్త హైన్జ్ వాల్టిన్ ఈ సూత్రానికి ఆధారం ఏమిటా అని వైద్య గ్రంథాలన్నీ వెతికి, ఆరోగ్యవంతులందరూ ఇలా తాగాలనడానికి శాస్త్రీయమైన ఆధారం దొరకలేదని 2002లో రాశారు. ఆరోజుల్లో అది పత్రికల్లో కూడా వచ్చింది. అయినా ఎనిమిది గ్లాసులు చెక్కుచెదరలేదు. గుర్తుపెట్టుకోవడానికి తేలిక కదా!

2004లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ మరో లెక్క ఇచ్చింది: మగవారికి రోజుకు 3.7 లీటర్లు, ఆడవారికి 2.7 లీటర్లు. ఇది చూసి కంగారుపడనక్కరలేదు. ఇది తాగే నీళ్ల లెక్క కాదు, ఒంట్లోకి చేరే నీరంతా కలిపి. ఇందులో అయిదో వంతు ఆహారం నుంచి వస్తుందని అంచనా. మిగిలినదాంట్లో కాఫీ, టీ, పాలు, మజ్జిగ, చారు అన్నీ లెక్కే. కాఫీ తాగితే ఒంట్లో నీరు పోతుంది కాబట్టి లెక్కలోకి రాదనేది సరి కాదు. రోజూ కాఫీ అలవాటున్నవారిపై 2014లో ఇంగ్లండులో చేసిన పరీక్షలో, మితంగా తాగిన కాఫీకి, మంచినీళ్లకు ఒంట్లో నీటి విషయంలో తేడా కనిపించలేదు. కాబట్టి పొద్దుటి ఫిల్టర్ కాఫీకి ప్రాయశ్చిత్తంగా ఇంకో గ్లాసు తాగనక్కరలేదు.

పైగా మన భోజనం సంగతి వేరు. రొట్టెముక్క, చిప్స్ తినేవారి లెక్క మనకు పెడితే ఎలా? వండిన అన్నంలో సుమారు 70 శాతం నీరే. పెరుగులో అంతకంటే ఎక్కువ. దోసకాయ, ఆనపకాయ, పొట్లకాయ దాదాపు నీళ్లే. పప్పు, చారు, మజ్జిగ పోసుకుని అన్నం తిన్నవారికి గ్లాసు ముట్టకుండానే చాలా నీరు చేరుతుంది. ఈ దేశంలో పుట్టిన మన పిల్లలు పిజ్జా, శాండ్‌విచ్ తింటారు కాబట్టి వాళ్లకు బాటిల్ వెంట ఉండడం అవసరమే.

2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఈ వాదానికి బలం చేకూర్చింది. 23 దేశాలలో 5,604 మంది ఒంట్లో నీరు రోజుకు ఎంత మారుతోందో కొలిచారు. వయసు, ఒళ్లు, చేసే పని, ఎండ, తేమ, గర్భం, ఇలా ఒక్కొక్కదానితో ఆ లెక్క మారిపోయింది. అందరికీ ఒకే అంకె పనికిరాదని తేలింది. మన వాగ్భటుడు అష్టాంగ హృదయంలో గ్రీష్మం, శరత్తు తప్ప మిగతా ఋతువుల్లో ఆరోగ్యవంతుడు కూడా నీరు కొద్దిగానే తాగాలన్నాడు. అది ఈనాటి శాస్త్రంతో పూర్తిగా సరిపోతుందని మేము అనం గానీ, ఋతువును బట్టి, మనిషిని బట్టి అన్న ఆ చూపు మాత్రం ఎనిమిది గ్లాసుల సూత్రం కన్నా తెలివైనది.

ఇప్పుడు కిడ్నీలు చేసే పని కొంచెం చూద్దాం. ఇది తెలిస్తే మిగతాది మీరే చెప్పుకోగలరు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో లీటరున్నరో, రెండు లీటర్లో మూత్రంగా పంపి, మిగతాదంతా మళ్లీ రక్తంలోకి తీసుకుంటాయి. రక్తం చిక్కదనం నూటికి ఒకటి రెండు వంతులు పెరిగితే చాలు, మెదడు పసిగడుతుంది. ఒక హార్మోను పంపి మూత్రాన్ని చిక్కబరుస్తుంది, దాహం పుట్టిస్తుంది. "దాహం వేసేసరికే ఆలస్యమైపోయినట్టు" అని వ్యాయామశాలల్లో చెబుతుంటారు. ఆరోగ్యంగా ఉన్న నడివయసు వారికి అది నిజం కాదు. దాహం చాలా ముందుగానే మోగే గంట. ఎంత పొదుపు చేసినా రోజుకు అర లీటరు మూత్రమైనా వెళ్లాలి, అంతకన్నా తగ్గితే వ్యర్థాలు లోపలే ఉండిపోతాయి. ఊపిరిలో, చర్మం మీద నుంచి మనకు తెలియకుండా పోయేది ముప్పావు నుంచి లీటరు దాకా ఉంటుంది.

ఇక ఎక్కువ తాగితే? ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. కిడ్నీ ఉత్త నీటిని బయటకు పంపలేదు. కొంత ఉప్పు, ప్రోటీను నుంచి వచ్చే యూరియా కలిస్తేనే నీరు వెళుతుంది. పల్లకి ఎంత తేలికదైనా బోయీలు లేకుండా కదలదు కదా, అలాగన్నమాట. మామూలు భోజనం చేసే ఆరోగ్యవంతుడి కిడ్నీలు రోజంతటి మీద 10 లీటర్లకు పైగా పంపించగలవు. అది కూడా గంటకు సుమారు లీటరు మించకుండా తాగితేనే. అదే పప్పు, ఉప్పు మానేసి రెండు పళ్ల మీద ఉన్న పెద్దాయనకు బోయీలే లేరు. ఆ శక్తి మూడు, నాలుగు లీటర్లకు పడిపోవచ్చు. దానికి తోడు థయాజైడ్ జాతి బీపీ మాత్ర ఉంటే మూత్రాన్ని పల్చగా చేసే శక్తి ఇంకా తగ్గుతుంది. మిగిలిన నీరు రక్తంలోనే ఉండిపోయి సోడియాన్ని పల్చబరుస్తుంది. అప్పుడు మెదడు కణాలు ఉబ్బుతాయి. తలనొప్పి, వికారం, తికమక, పడిపోవడం, ఇంకా ముదిరితే ఫిట్స్. ఆ తండ్రిగారి కథ ఇప్పుడు అర్థమైంది కదా. ఆయన కిడ్నీలకు ఏ జబ్బూ లేదు. ఉపవాసం, మాత్ర, అయిదు లీటర్లు, ఈ మూడూ విడివిడిగా ఉంటే బహుశా ఏమీ అయ్యేది కాదు, కలవడమే ప్రమాదమైంది.

ఇది ముసలివారికే అనుకోకండి. 2002లో బోస్టన్ మారథాన్ పరుగెత్తిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. పరుగు మొదలుపెట్టినప్పటి కంటే ముగించేసరికి బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువ. అంటే చెమటలో పోయినదానికన్నా ఎక్కువ తాగారు. 2007 జనవరిలో కాలిఫోర్నియాలో ఒక రేడియో పోటీలో మూత్రానికి వెళ్లకుండా ఎవరు ఎక్కువ నీళ్లు తాగుతారో అని పందెం పెడితే, అందులో పాల్గొన్న ముగ్గురు పిల్లల తల్లి కొద్ది గంటల్లోనే చనిపోయింది. నీళ్లే కదా, ఎక్కువైతే ఏముంది అనేవారికి ఈ రెండూ చెబుతుంటాం.

పొద్దున్నే పరగడుపున లీటరు నీళ్లు తాగే అలవాటు గురించి కూడా అడుగుతుంటారు. ఆరోగ్యంగా ఉండి, సుఖంగా ఉంటే తాగండి, నష్టం లేదు. తాగనివారికి ఏదో పోయిందని కూడా కాదు. నిలబడి తాగితే మోకాళ్లు పోతాయన్నది మాత్రం మా చదువులో ఎక్కడా కనబడలేదు.

ఇప్పుడు ఆ తల్లిగారి సంగతికి వద్దాం. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. దాహం అనే గంట వయసుతోపాటు మెల్లబడుతుంది. 1984లో చేసిన ఒక పరీక్షలో 70 ఏళ్లకు అటూఇటూ ఉన్న ఆరోగ్యవంతులను, యువకులను 24 గంటలు నీళ్లు లేకుండా ఉంచారు. పెద్దవాళ్ల రక్తం ఎక్కువ చిక్కబడినా, వాళ్లకు దాహం తక్కువ వేసింది, తర్వాత నీళ్లిచ్చినప్పుడు కూడా తక్కువే తాగారు. "మా అమ్మకు దాహమే వేయదండీ, గట్టి మనిషి" అని గర్వంగా చెప్పే పిల్లలు ఇది గమనించాలి. చలిదేశంలో ఆ కాస్త దాహం కూడా మందగిస్తుంది.

దాహం వేసినా తాగకపోవడానికి మన ఆడవారికి ఇంకో కారణం ఉంది, వాళ్లు పైకి చెప్పరు. తొమ్మిది గజాలో, ఆరు గజాలో పట్టుచీర కట్టుకుని, మడితో వచ్చి, గుడి రెస్ట్‌రూమ్ ముందు వరుసలో నిలబడడం ఇష్టం లేక పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోరు. ఇండియా నుంచి వచ్చే విమానంలో కూడా అంతే. కిటికీ పక్క సీటు ఇచ్చారు, పక్కవాళ్లను లేపడం మొహమాటం. ఇది మందులతో తీరేది కాదు. ఆవిడకు నడవా పక్క సీటు బుక్ చేయడం, గుడిలో పూజ మధ్య విరామంలో "అమ్మా, రా, నేనూ వస్తాను" అని కోడలో, కూతురో లేవడం, ఇవే మందు.

మాత్రల సంగతి. లిసినోప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు, మూత్రం పోయించే మాత్రలు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, ఈ మూడు రకాలూ విడివిడిగా మంచివే. ఒంట్లో నీరు తగ్గినరోజున మూడూ కలిస్తే కిడ్నీలోకి వెళ్లే రక్తం ఒత్తిడి పడిపోతుంది. ఆ తల్లిగారికి జరిగింది అదే. షుగరు ఉన్నవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. జార్డియన్స్, ఫార్సిగా వంటి మందులు మూత్రంలో చక్కెరను, దానితో నీటిని బయటకు పంపుతాయి. వీటిమీద ఉండి పూర్తి ఉపవాసం చేస్తే, షుగరు అంకె మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్, ఇన్సులిన్ వాడేవారికి షుగరు పడిపోయే భయం. ఏ మాత్ర ఆపాలి, ఏది తగ్గించాలి అనేది సొంతంగా నిర్ణయించుకోవద్దు, పక్కింటివారి చీటీ చూసి అసలే వద్దు. కనీసం రెండు వారాల ముందు మీ డాక్టరుకు ఫోను చేసి, "ఫలానా రోజున ఇన్ని గంటలు అన్నం తినను, ఇన్ని గంటలు నీళ్లు తాగను" అని గంటల లెక్కతో చెప్పండి. మేము వైద్యం చదివింది ఈ దేశంలోనే. మా తరగతుల్లో కార్తీక సోమవారం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మీ డాక్టరుకు కూడా తెలియకపోవచ్చు. "ఫాస్టింగ్" అంటే రక్తపరీక్షకు ముందు ఉండేదే అనుకుంటారు.

వ్రతభంగం అనే భయం గురించి మేము మాట్లాడడం సాహసమే, అందుకని పెద్దలను అడిగి రాస్తున్నాం. వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిది అని మహాభారతంలో ఉద్యోగపర్వంలో ఉంది. ఆ వరుసలో మొట్టమొదటిది నీరు. చిట్టచివరిది ఔషధం. మధ్యలో దుంపలు, పళ్లు, పాలు, గురువు మాట కూడా ఉన్నాయి. కార్తీక పురాణంలో సోమవార వ్రతానికి ఆరు విధాలు చెప్పారు: ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం. పూర్తి ఉపవాసం చేయలేనివారికి మెట్లు మెట్లుగా మార్గం వేసి ఉంది. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది తల్లులు మొహం విప్పార్చుకుని వింటారు. కొందరు, "అవి చేతకానివాళ్లకు బాబూ" అంటారు. వాళ్లతో మేము వాదించం. క్రియాటినిన్ కాగితం చూపిస్తాం.

ఏ జబ్బూ లేని నలభై ఏళ్ల మనిషి ఒకరోజు నీళ్లు లేకుండా ఉపవాసం చేస్తే సాధారణంగా తట్టుకుంటారు. మర్నాడు నీరసం, తలనొప్పి ఉంటాయి, తగ్గిపోతాయి. అట్లతద్దికి చంద్రోదయం దాకా ఉండే అమ్మాయిలకైనా, శివరాత్రి జాగరణ చేసేవారికైనా ఇదే. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, 65 దాటినవారు, కిడ్నీ, గుండె జబ్బులున్నవారు, రాళ్లు వచ్చినవారు మాత్రం నీళ్లు మానే ఉపవాసం చేయకూడదని మా గట్టి అభిప్రాయం. వీళ్లు ఉపవాసం ఉన్నా పలచటి మజ్జిగ, చిటికెడు ఉప్పు, కాసిని పాలు తీసుకుంటూ ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పును, మజ్జిగను కూడా డాక్టరు చెప్పిన కొలతలోనే ఉంచుకోవాలి. మజ్జిగలో నీరు, ఉప్పు, కాస్త ప్రోటీను మూడూ ఉన్నాయి. బోయీలతో సహా పల్లకి. విరేచనాలో, జ్వరమో ఉంటే ఆ వారం వ్రతం వాయిదా.

అంకె నిజంగా అవసరమైనవారు కొందరున్నారు. కిడ్నీలో రాళ్లు ఒకసారి వచ్చినవారిని ఇటలీలో రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేటన్ని నీళ్లు తాగించి, అయిదేళ్లు చూశారు. 1996లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మళ్లీ రాళ్లు వచ్చినవారు తాగిన జట్టులో 12 శాతం, రెండో జట్టులో 27 శాతం. అమెరికా యూరాలజీ సంఘం 2014 నుంచి 2.5 లీటర్ల మూత్రం రావాలని చెబుతోంది. అంటే మూడు లీటర్లకు తక్కువ కాకుండా తాగాలి, పడుకోబోయే ముందు ఒక గ్లాసుతో సహా. నిమ్మరసం పిండుకుంటే ఇంకా మంచిది, చక్కెర వద్దు. తరచూ మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే యువతులలో, రోజూ తాగేదానికి మరో లీటరున్నర చేర్చితే ఏడాదికి సగటున 3.2 సార్లు వచ్చేది 1.7కు తగ్గిందని 2018లో తేలింది. సగానికి సగం దగ్గర, మందు లేకుండా!

కానీ కిడ్నీ పనితనం ఇప్పటికే తగ్గినవారు "కడిగేద్దాం" అని ఎక్కువ తాగితే ఫలితం లేదు. కెనడాలో 631 మంది మీద ఏడాదిపాటు చూసి, అదనంగా తాగిన నీరు కిడ్నీ తరుగుదలను ఆపలేదని 2018లోనే ప్రకటించారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చినవారు ఈ విషయం ఆందోళనగా అడుగుతుంటారు, తల్లిదండ్రులు అక్కడే ఉన్నారు కదా. ఎండలో ఒళ్లు వడిలేలా పనిచేయడం ఆ జబ్బుకు ఒక కారణమా అనేది పరిశోధకులు పరిశీలిస్తున్నారు, ఇదే కారణమని ఇంతవరకు తేలలేదు. ఎండలో పనిచేసేవారు తగినంత తాగవలసిందే. జబ్బు వచ్చాక మాత్రం ఎంత తాగాలో కిడ్నీ డాక్టరే చెప్పాలి. డయాలసిస్ మీద ఉన్నవారికి, గుండె నీరసించి కాళ్లు వాచేవారికి, లివరు జబ్బుతో సోడియం తగ్గినవారికి గ్లాసులు లెక్కపెట్టి మరీ ఆపవలసి వస్తుంది. కొబ్బరినీళ్లు వీరిలో చాలామందికి పనికిరావు, పొటాషియం ఎక్కువ.

పెద్దవాళ్లకు ఒక అంకె ఉంటేనే మేలు, దాహాన్ని నమ్మలేం కాబట్టి. ఏ ఆంక్షా లేని పెద్దవాళ్లలో ఆడవారికి 1.6 లీటర్లు, మగవారికి 2 లీటర్లు, కాఫీ మజ్జిగలతో కలిపి, అని యూరప్ పోషకాహార వైద్యులు సూచిస్తున్నారు. మన ఇంట్లో స్టీలు గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో ఒకసారి కొలిచి చూసుకోండి. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రకం. ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపలే తాగించండి. రాత్రి లేచి చీకట్లో బాత్‌రూమ్‌కు వెళ్లి పడిపోవడం కూడా మేము చూస్తూనే ఉంటాం.

అమ్మమ్మలు, నాయనమ్మలు పురుళ్లకు ఇక్కడికి వచ్చే కాలం ఇది, కనుక ఒక మాట. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట జారుతుందని, ఒళ్లు నీరు పడుతుందని మన పథ్యాల్లో నీళ్లు తగ్గించే అలవాటు ఉంది. పాలిచ్చే తల్లికి ఆహారంతో కలిపి రోజుకు 3.8 లీటర్ల దాకా నీరు కావాలి. ఆమె అడిగినప్పుడల్లా ఇవ్వండి, కావాలంటే వాము కాచిన నీళ్లే ఇవ్వండి. చంటిబిడ్డకు మాత్రం ఆరు నెలలు నిండేదాకా చెంచాడు నీళ్లు కూడా వద్దు. పాలలో ఉన్న నీరే చాలు. వాళ్ల చిన్న కిడ్నీలు అదనపు నీటిని పంపలేవు, సోడియం తగ్గి ఫిట్స్ రావచ్చు. డబ్బాపాలు చెప్పిన కొలత కన్నా పల్చగా కలపడం కూడా ఇలాంటిదే.

మిగతా మనకందరికీ కొలత ఏమిటంటే, మధ్యాహ్నం మూత్రం లేత నిమ్మపండు రంగులో ఉంటే సరిపోయినట్టే. విటమిన్ మాత్రలు వేసుకునేవారికి ఈ పరీక్ష పనికిరాదు, ముదురు పసుపు వస్తుంది. రోజంతా నీళ్లలా తెల్లగానే వస్తుంటే తగ్గించవచ్చు.

ఆ తల్లిగారు మరుసటి ఏడాది కార్తీకానికి మూడు వారాల ముందే మా దగ్గరకు వచ్చారు. మోకాళ్లకు నొప్పి మాత్ర మానిపించి పూత మందు రాశాం, సోమవారాలకు మూత్రం మాత్ర ఏం చేయాలో కాగితం మీద రాసి ఇచ్చాం. నక్తం చేస్తానని, మధ్యలో మజ్జిగ తాగుతానని ఒప్పుకున్నారు. "మజ్జిగ నా గ్లాసుతోనే తాగుతాను, మీ ఔన్సులు నాకు తెలియవు" అన్నారు. ఆ గ్లాసు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. మా నర్సు కొలిచి చూస్తే 300 మిల్లీలీటర్లు. అలాంటివి నాలుగు, మిగతాది రాత్రి భోజనంలో అని రాసి ఇచ్చాం.